సప్పోరోలో మా మొదటి నాలుగు రోజులు
(సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఇది మేము నలుగురం కూర్చుని రాసుకున్న మాట. చదివేది ఒకరైనా నలుగురి తరఫున అనుకోండి. మాలో ఇద్దరిది ఉట్నూరు వైపు, ఒకరిది భద్రాచలం అవతల గోదావరి ముంపు మండలం, ఒకరిది అరకు లోయ. చదువు మాత్రం ఒకే కాలేజీలో. ఈ ఫిబ్రవరిలో, కేస్లాపూర్ నాగోబా జాతర ముగిసిన వారానికే, పది రోజుల విద్యార్థి యాత్రలో జపాన్ ఉత్తరాన ఉన్న సప్పోరో నగరానికి వెళ్లి వచ్చాం.

తిరిగి రాగానే సంఘం పెద్దలు, "అక్కడ ఏం చూశారో వచ్చి చెప్పండి, పిల్లలు వింటారు" అన్నారు. ఫోన్లలో ఫొటోలు చాలా ఉన్నాయి. మంచు ఫొటోలు, రైలు ఫొటోలు, తిండి ఫొటోలు. అవి ఎలాగూ అందరూ చూశారు. పది రోజుల సంగతీ చెప్పాలంటే సమయం చాలదు. మొదటి నాలుగు రోజుల సంగతే చెబుతాం. మాకు కాస్త బుద్ధి వచ్చింది ఆ నాలుగు రోజుల్లోనే.

మొదటి రోజు

రెండు విమానాలు మారి చితోసె విమానాశ్రయంలో దిగాం. అక్కడి నుంచి రైల్లో సప్పోరోకు 40 నిమిషాలు. కిటికీ బయట అంతా తెలుపే. పొలం ఏదో, రోడ్డు ఏదో, ఇంటి కప్పు ఏదో తెలియదు. మంచును సినిమాల్లో చూడటమే తప్ప తాకి ఎరుగం. స్టేషన్ బయటికి రాగానే సామాన్లు వదిలేసి పిడికిళ్ల నిండా తీసుకున్నాం. అరకు తమ్ముడు నోట్లో కూడా వేసుకున్నాడు. "ఏ రుచీ లేదు" అన్నాడు నిరాశగా.

సప్పోరోలో ఏడాదికి సుమారు 5 మీటర్ల మంచు పడుతుంది. జనాభా దాదాపు 20 లక్షలు. ఇంత మంచు పడే చోట ఇంత పెద్ద నగరం ప్రపంచంలో అరుదు అని చెప్పారు. మాకు ఆ సంగతి నడక మొదలుపెట్టగానే తెలిసింది. పది అడుగులు వేయకముందే మాలో ఇద్దరు వెల్లకిలా పడ్డారు. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం చిన్న చిన్న అడుగులతో, పాదం మొత్తం నేలకు ఆనిస్తూ, నెత్తిన నీళ్ల బిందె ఉన్నట్టు నడిచిపోతున్నారు.

రోడ్డు దాటే చోట ఒక పెట్టె కనిపించింది. చెత్త డబ్బా అనుకున్నాం. అంతలో ఒక ముసలమ్మ వచ్చి ఆ పెట్టె తెరిచి, లోంచి చిన్న సంచి తీసి, చింపి, మా కాళ్ల ముందు గులక ఇసుక చల్లింది. నడవండి అని చేత్తో సైగ చేసి వెళ్లిపోయింది. జారకుండా చల్లుకోవడానికి నగరమంతా ఇలాంటి పెట్టెలు పెట్టారట. ఎవరైనా తీసి చల్లవచ్చు. చల్లినవాళ్లు తమ కోసం మాత్రమే చల్లరు, వెనక వచ్చేవాళ్ల కోసం కూడా. ఆ ముసలమ్మ మొహం మాకు ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే ఆ రోజు మాకు సాయం చేసిన మొదటి మనిషి ఆమె, మాకు ఒక్క మాట కూడా అర్థం కాని మొదటి మనిషీ ఆమే.

బస దొరకడానికి గంట పట్టింది. కాగితం మీద "ఉత్తరం 7, పడమర 6" అని ఉంది. వీధి పేరు లేదు, వాడ పేరు లేదు. మేము స్టేషన్‌కు ఇవతలి వైపు వెతుకుతున్నాం, బస అవతలి వైపు ఉంది. తర్వాత అర్థమైంది. ఊరి మధ్యలో తూర్పు నుంచి పడమరకు ఓదోరి అనే పొడవాటి పార్కు ఉంది, దాదాపు కిలోమీటరున్నర. దానికి పైన ఉన్నది ఉత్తరం, కింద ఉన్నది దక్షిణం. సోసె అనే కాలువకు ఇటు తూర్పు, అటు పడమర. అక్కడి నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టుకుంటూ పోవడమే. అష్టాచెమ్మా గళ్లు గీసినట్టు నేలను గీసి నెంబర్లు వేశారు.

లెక్క తెలిశాక మాకు భలే నచ్చింది. ఎవరినీ అడగక్కర్లేదు. "మన హైదరాబాద్ కూడా ఇలా ఉంటే ఎంత బాగుండు" అనుకున్నాం. ఆ రాత్రి పడుకునే ముందు ఎవరికీ రాని ప్రశ్న ఒకటుంది. ఈ గళ్లు గీయకముందు ఈ నేలకు పేర్లు లేవా?

రెండో రోజు

రెండో రోజంతా కొత్త ఊరు చూసే కుర్రకారు ఏం చేస్తారో అదే చేశాం. మాకు తోడుగా అక్కడి విద్యార్థిని ఒకామె వచ్చింది. ఆమె ఇంగ్లీషూ మా ఇంగ్లీషూ ఒకే స్థాయిలో ఉండటంతో ఇబ్బంది లేకపోయింది.

భూగర్భ రైలెక్కాం. ఇక్కడి రైలు ఇనుప చక్రాల మీద కాదు, రబ్బరు టైర్ల మీద నడుస్తుంది. 1972 చలికాలపు ఒలింపిక్స్ ఇక్కడ జరిగాయి. వాటి కోసం అంతకు ముందు ఏడాదే ఈ రైలు మొదలైంది. పెట్టెలో అంత మంది ఉన్నా మాట వినిపించదు. ఒక మూల నాలుగు సీట్లు ఖాళీగా కనిపిస్తే మాలో ఒకరు పోయి కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు, కానీ అందరూ కిటికీ వైపు చూడటం మొదలుపెట్టారు. అవి ముసలివాళ్లకు, గర్భిణులకు, వికలాంగులకు కేటాయించినవట. నిలబడటానికి చోటు లేకపోయినా వాటిలో ఇంకెవరూ కూర్చోరట. లేచి నిలబడ్డాక అందరి చూపులూ మళ్లీ ముందుకు తిరిగాయి.

స్టేషన్ నుంచి ఓదోరి దాకా నేల కింద అర కిలోమీటరు నడకదారి ఉంది. 2011లో తెరిచారు. పైన మంచు కురుస్తుంటే కింద జనం చొక్కా గుండీలు విప్పుకుని నడుస్తారు. మధ్యాహ్నం సూప్ కర్రీ తిన్నాం. అది సప్పోరో వంటకమే. పల్చటి పులుసు, అందులో కోడి తొడ, పెద్ద ముక్కలుగా క్యారెట్, బంగాళాదుంప, పక్కన అన్నం. ముంపు మండలం అన్న రెండు గిన్నెలు తిని, "మన కోడికూర పులుసులో ఇంకో బిందె నీళ్లు పోస్తే ఇదే" అన్నాడు.

సాయంత్రం ఓదోరి పార్కులో మంచు పండుగ చూశాం. 1950లో కొందరు హైస్కూలు పిల్లలు ఇక్కడ ఆరు మంచు బొమ్మలు చేసి పెట్టారట. అదే పెరిగి పెరిగి ఇవాళ దేశదేశాల జనం వచ్చే పండుగైంది. మూడంతస్తుల ఎత్తున కోటలు, గుర్రాలు, అన్నీ మంచుతో. దీపాలు వెలిగాక ఒక్కొక్కటి ఒక్కో రంగు. పార్కు చివరి దాకా బొమ్మలు చూసుకుంటూ పోయాం. చేతులు కొయ్యబారిపోయాయి. అక్కడ రోడ్డు పక్కన ఒక పెద్ద కచేరి భవనం ఉంటే దాని గోడ చాటున గాలి తగలకుండా నిలబడి, వేడి పాలు తాగాం. ఆ భవనం ఏమిటో అడగలేదు. అడిగి ఉంటే ఆ పాలు గొంతు దిగేవి కావేమో. ఆ సంగతి తర్వాత చెబుతాం.

మూడో రోజు

మూడో రోజు పొద్దున సప్పోరో భూగర్భ స్టేషన్‌లో మా తోడు విద్యార్థిని కోసం ఎదురుచూస్తున్నాం. అక్కడ ఒక విశాలమైన చోట పెద్ద గుడ్లగూబ చెక్కడం ఉంది. రెక్కలు విప్పి, కళ్లు మన మీదే పెట్టినట్టు ఉంటుంది. ముందు రెండు రోజులూ దాని ముందు నుంచే పోయాం. సెల్ఫీ కూడా తీసుకున్నాం.

ఆమె వచ్చాక అడిగాం, "ఇదేమిటి?" అని.

"అది చేపల్ని తినే పెద్ద గుడ్లగూబ. ఐనూ ప్రజలకు దేవుడు. ఊరిని కాపాడుతుంది" అంది.

మా గోండు గూడేల్లో అకిపేన్ ఉన్నట్టే వాళ్ల ఊళ్లకు ఆ గుడ్లగూబ. మేము నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జపాన్‌లో ఆదివాసులు ఉన్నారని పుస్తకంలో ఒక లైను చదివాం. కానీ వాళ్లు ఎక్కడో అడవుల్లో ఉంటారనుకున్నాం. మన గురించి పట్నంవాళ్లు ఏమనుకుంటారో సరిగ్గా అదే మేమూ అనుకున్నాం!

"వాళ్ల ఊళ్లు ఎక్కడ ఉన్నాయి?" అని అడిగాం.

ఆమె కాసేపు ఆగి, "ఇదే" అంది. "సప్పోరో అనేది జపాన్ మాట కాదు. ఐనూ మాట."

సత్ అంటే ఎండినది, పోరో అంటే పెద్దది, పెత్ అంటే ఏరు. సత్‌పోరోపెత్. ఎండాకాలం ఇసుక తేలే పెద్ద ఏరు. నగరం మధ్యలో పారే తోయోహిర నది గురించి పెట్టిన పేరు అది. పేరుకు ఇంకో విధంగా అర్థం చెప్పేవాళ్లు కూడా ఉన్నారు గానీ ఎక్కువమంది చెప్పేది ఇదే. జపాన్ లిపిలో రాసేటప్పుడు శబ్దం కలిసే రెండు అక్షరాలు ఏరి పెట్టారు. ఆ అక్షరాలకూ ఏటికీ సంబంధం లేదు. అక్షరాలు చూసి చదివేవాడికి ఏరు కనిపించదు, చెవితో విన్నవాడికే కనిపిస్తుంది.

అప్పుడు అర్థమైంది మాకు నచ్చిన ఆ గళ్ల కథ. 1869లో జపాన్ ప్రభుత్వం ఈ దీవికి హొక్కైదో అని కొత్త పేరు పెట్టి, బాగుచేయడానికి ఒక శాఖను పెట్టి, దక్షిణం నుంచి జనాన్ని రప్పించింది. సప్పోరోలో గళ్లు గీసింది అప్పుడే. ఖాళీ నేల అనుకుని గీశారు. ఆ నేల మీద వేటాడేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఊదలు, కొర్రలు పండించుకునేవాళ్లు అప్పటికే ఉన్నారు. జింకల వేట మీద, ఏట్లో సాల్మన్ చేపల మీద ఆంక్షలు వచ్చాయి. 1899లో ఐనూల రక్షణ పేరుతో ఒక చట్టం వచ్చింది. వేట బతుకు వదిలి సేద్యం చేయమన్నారు. పిల్లలకు చదువంతా జపాన్ భాషలో. ఆ చట్టం 1997 దాకా ఉంది. రక్షణ అనే మాట వింటే మన పెద్దలకు ఏం గుర్తొస్తుందో మేము చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం ట్రాము ఎక్కి, ఆ తర్వాత తాళ్ల మీద వేలాడే పెట్టెలో మోయివ కొండ మీదికి వెళ్లాం. ఎత్తు 531 మీటర్లు. కింద నగరమంతా దీపాలు, గళ్లు గళ్లుగా. ఆ కొండ పేరు గురించి కూడా అప్పుడు తెలిసింది. మోయివ అంటే ఐనూలో చిన్న కొండ. అది నిజానికి పక్కనున్న మరో చిన్న గుట్ట పేరు. వచ్చినవాళ్లు పొరపాటున దీనికి తగిలించారు. దీని అసలు పేరు ఇంకారుష్పె, ఎప్పుడూ ఎక్కి చుట్టూ చూసే చోటు. పేరే చెబుతోంది, ఇక్కడికి మాకంటే ముందే ఎంతమంది ఎక్కి చూశారో.

బసకు వచ్చి రైలు పటం ముందేసుకుని కూర్చున్నాం. ఐనూలో ఏటికి ఇంకో మాట నాయ్. ఇక చూడండి, మకొమనాయ్, వక్కనాయ్, నొబొరిబెత్సు... పెత్ అనేదే బెత్సు అయింది. పటం నిండా ఏళ్లు, వాగులు, కొండలు. మేము దిగిన చితోసె మాత్రం వాటిలో లేదు. దాని పాత పేరు సికోత్. పెద్ద లోయ అని. ఆ మాట జపాన్ చెవికి చచ్చినవాళ్ల ఎముకలు అన్నట్టు వినబడుతోందని 1805లో అక్కడి అధికారి పేరు మార్చేశాడు. ఆ పేరు ఇప్పుడు దగ్గర్లో ఒక చెరువుకు మిగిలింది, షికోత్సు అని.

రెండో రోజు గోడ చాటున నిలబడ్డ భవనం సంగతి కూడా ఆ రాత్రే తెలిసింది. అది సప్పోరో జిల్లా కోర్టు. నిబుతాని అనే ఐనూ ఊరి దగ్గర ఆనకట్ట కట్టడానికి భూములు తీసుకుంటే ఇద్దరు ఐనూలు ఆ కోర్టుకు వెళ్లారు. వాళ్లలో ఒకరు కయానో షిగేరు, తర్వాత జపాన్ పార్లమెంటులో కూర్చున్న మొదటి ఐనూ. 1997 మార్చి 27న తీర్పు వచ్చింది. ఐనూలు ఈ నేల ఆదివాసులేనని, వాళ్ల సంస్కృతిని పట్టించుకోకుండా భూమి తీసుకోవడం చట్టవిరుద్ధమని కోర్టు చెప్పింది. కానీ ఆనకట్ట అప్పటికే కట్టేశారు, నీళ్లు నిండాయి, కాబట్టి ఉండనివ్వమంది.

ఇది చదివి వినిపించింది ముంపు మండలం అన్నే. చదివి, ఫోన్ బోర్లా పెట్టి, కాసేపు బయటికి పోయి వచ్చాడు. మేము ఏమీ అడగలేదు.

నాలుగో రోజు

నాలుగో రోజు రైల్లో గంటకు పైగా ప్రయాణం చేసి షిరావోయ్ అనే ఊరికి వెళ్లాం. జోరీగలు ఎక్కువ ఉండే చోటు అని ఆ పేరుకు అర్థం. పేరు పెట్టినవాళ్ల నిజాయతీకి నవ్వుకున్నాం. అక్కడ 2020 జూలైలో జాతీయ ఐనూ మ్యూజియం తెరిచారు. ఆ ప్రాంగణం పేరు ఉపొపొయ్, అంటే అందరూ కలిసి పాడటం. పక్కనే గడ్డకట్టిన చెరువు. దాని పేరు పోరోతో. ఈసారి ఎవరూ చెప్పకుండానే మాలో ఒకరు, "పోరో అంటే పెద్ద, తో అంటే చెరువు అయి ఉండాలి" అన్నారు. అయింది కూడా. పరాయి భాషలో మాకు సొంతంగా దొరికిన మొదటి మాట అది.

లోపల బోర్డుల మీద మొదట ఐనూ, ఆ తర్వాతే జపాన్ భాష, ఇంగ్లీషు. పడవలు, సాల్మన్ తోలు చెప్పులు, చెట్టు నారతో నేసిన బట్టలు చూశాం. బయట చిసె అనే గడ్డి ఇల్లు. మధ్యలో నిప్పుల గుంట. నిప్పును వాళ్లు అవ్వ అంటారు. ఏ పూజ చేసినా ముందు మాట ఆ నిప్పు అవ్వకే. వెదురు ముక్కతో చేసిన ముక్కురి అనే వాద్యాన్ని పెదవుల దగ్గర పెట్టి దారం లాగుతూ వాయించారు. చేతులు కలుపుతూ గుండ్రంగా ఆడారు. అరకు తమ్ముడి కాళ్లు ఆగలేదు, మన దింసా అడుగు పడిపోయింది. వాళ్లు నవ్వి అతన్ని వరసలోకి లాక్కున్నారు. ఐనూల ఆటపాటలు 2009లో యునెస్కో జాబితాకు ఎక్కాయి. ఆ ఏడాదే ఐనూ భాషను దాదాపు అంతరించే దశలో ఉన్న భాషల్లో చేర్చింది కూడా యునెస్కోనే. ఆట నిలబడింది, మాట పోతోంది.

ఆట అయ్యాక కుట్టుపూల అంగీ వేసుకున్న ఒకావిడ మా దగ్గరికి వచ్చి "ఇరంకరప్తె" అంది. వాళ్ల నమస్కారం అది. మీ మనసును మెల్లగా తాకనివ్వండి అని దాని అర్థం చెబుతారు. మేమూ ఆదివాసులమేనని మా తోడు విద్యార్థిని చెప్పగానే ఆవిడ మొహం వెలిగింది. "మీ మీ భాషల్లో పలకరింపు ఎలా చెబుతారో ఒక్కొక్కరూ చెప్పండి" అని అడిగింది.

ఉట్నూరు వాళ్లిద్దరిలో ఒకరు గోండిలో చెప్పారు. ముంపు మండలం అన్న కోయలో చెప్పాడు. అరకు తమ్ముడు వాళ్ల అమ్మమ్మ అనే మాట చెప్పాడు. నాలుగో మనిషి వంతు వచ్చింది. మాలో చిన్నది ఆమె, 19 ఏళ్లు. అమ్మానాన్న ఇద్దరూ టీచర్లు. పట్నంలో పెరిగింది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. గోండి వింటే కొంత తెలుస్తుంది, నోటికి రాదు. ఆమె ఒక్క క్షణం ఆగి, "నమస్కారం" అంది.

ఆవిడ అది గోండి మాటే అనుకుంది. "న-మ-స్కా-రం" అని రెండుసార్లు శ్రద్ధగా పలికి, చేతిలో చిన్న పుస్తకం తీసి రాసుకుంది. మేము ముగ్గురం పక్కనే ఉన్నాం. ఎవరమూ సరిదిద్దలేదు.

తెలుగు మన భాష కాదని మేము అనడం లేదు. ఈ మాటలు రాస్తున్నదీ తెలుగులోనే, మమ్మల్ని చదివించిందీ తెలుగే. కానీ తమ మాట కోసం వందేళ్లకు పైగా కొట్లాడినవాళ్ల ఇంటికి పోయి, మన మాట ఇదీ అని వేరే మాట ఇచ్చి వచ్చాం. ఆ బరువు మా నలుగురిదీ.

మ్యూజియంలో చిరి యుకియె అనే అమ్మాయి గురించి ఉంది. 1903లో పుట్టింది. వాళ్ల అవ్వ పాడే దేవతల పాటల్లో 13 ఎంచుకుని, ఐనూ మాటలను రోమన్ అక్షరాల్లో రాసి, పక్కనే జపాన్ భాషలో అర్థం రాసింది. గుండె జబ్బు. 1922లో పుస్తకం దిద్దడం పూర్తి చేసిన రాత్రే చనిపోయింది. పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. చనిపోయేనాటికి ఆమె వయసు 19. మా చిన్నది అక్కడ చాలాసేపు నిలబడింది.

ఆ తర్వాత మమ్మల్ని ఎవరినీ పిలవకుండా వెనక్కి వెళ్లింది. మేము చూసేసరికి ఆ కుట్టుపూల అంగీ ఆవిడ ముందు నిలబడి, మా తోడు విద్యార్థినితో చెప్పిస్తోంది: "నేను చెప్పింది మా మాట కాదు. మా మాట నాకు రాదు."

ఆవిడకు కోపం రాలేదు. తనకూ చిన్నప్పుడు రాదని చెప్పింది. వాళ్ల అవ్వకు వచ్చు, కానీ పిల్లల ముందు మాట్లాడేది కాదట. బడిలో వెక్కిరిస్తారని, పెళ్లిళ్లు కావని భయం. అవ్వ పోయాక, పెద్దయ్యాక, క్లాసులకు వెళ్లి, రేడియో పాఠాలు విని నేర్చుకుందట. "మీ అవ్వ ఉన్నారా?" అని అడిగింది. ఉందని చెబితే, "అయితే మీరు నాకంటే చాలా ముందున్నారు" అంది. పుస్తకంలో ఆ మాట కొట్టేయలేదు. పక్కన ఖాళీ పెట్టింది.

ఆ ప్రాంగణానికి కొంత దూరంలో ఒక స్మారక మందిరం ఉంది. పరిశోధన పేరుతో ఐనూల సమాధులు తవ్వి విశ్వవిద్యాలయాలు దాచుకున్న అస్థికలు, వెయ్యికి పైగా మనుషులవి, 2019లో అక్కడికి చేర్చారు. కొన్నిటిని వారసులు కోర్టుకు వెళ్లి సొంత ఊళ్లకు తెచ్చుకున్నారు. కాబట్టి అక్కడ అంతా బాగుందని చెప్పడానికి మేము రాలేదు. 2008లో పార్లమెంటు తీర్మానం చేసింది, 2019లో చట్టం వచ్చింది, ఐనూలు ఆదివాసులని ఆ చట్టం ఒప్పుకుంది. కానీ భూమి మీద, చేపల మీద హక్కు ఇవ్వలేదు. ఏట్లో సాల్మన్ పట్టే హక్కు కోసం ఒక ఐనూ సంఘం వేసిన దావాను అదే సప్పోరో కోర్టు 2024 ఏప్రిల్‌లో కొట్టేసింది. మ్యూజియం కట్టడం తేలిక, ఏరు తిరిగి ఇవ్వడం కష్టం.

ఆ రాత్రి

ఆ రాత్రి పదిన్నరకు, మన దగ్గర ఏడు గంటలకు, మా చిన్నది ఊళ్లో ఉన్న అవ్వకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. "అవ్వా, ఇంటిని ఏమంటారు?" అని అడిగింది. అవతల నుంచి ముందు తిట్టు వచ్చింది, అంత దూరం పోయి ఫోన్ ఖర్చు పెట్టి ఇదా అడిగేది అని. తర్వాత నవ్వు. తర్వాత మాటలు. ఇల్లు రోన్. ఊరు నార్. నిప్పు కిస్. నీళ్లు యేర్. యేర్ అనగానే మాకు తెలుగు ఏరు గుర్తొచ్చింది. అప్పటికే తల నిండా ఉన్న పెత్ కూడా గుర్తొచ్చింది.

పది మాటలు అడుగుదామని మొదలుపెట్టింది. గంటన్నర అయింది. చివరికి అవ్వే తమ ఊరి వెనక వాగు పేరు, ఆ వాగు పుట్టే గుట్ట పేరు, గుట్ట మీద రాయి పేరు చెప్పింది. ఏ పేరు ఎందుకు వచ్చిందో కూడా చెప్పింది. ఆ ఊళ్లోనే పుట్టిన మా ఇంకో ఉట్నూరు మనిషికి కూడా అందులో సగం తెలియదు. ఏ ప్రభుత్వ పటంలోనూ అవి లేవు. ఎక్కడో సముద్రాల అవతల పేర్లను వెతికి మురిసిపోయాం, మన గుట్ట పేరు మాకు తెలియదు.

పెద్దలారా, మనకు కొన్ని బలాలు ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 29 లక్షలకు పైగా ఉన్నారు. ఐనూలు ఆ అంకె విని నమ్మలేదు. గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల వల్ల మన లిపి బయటపడింది, 2018లో అది యూనికోడ్‌లో చేరింది, ఫోన్‌లో రాసుకోవచ్చు. రాజ్యాంగంలో 5వ షెడ్యూల్ ఉంది. కానీ గోండి, కోయ, కొలామి ఏవీ 8వ షెడ్యూల్‌లో లేవు. అంతకంటే ముందు, అవి మన పిల్లల నోట్లో ఉన్నాయా అన్నది అడగాలి. 29 లక్షలు చూసి ధీమాగా ఉంటే, ఆ 29 లక్షలూ అవ్వలూ తాతలే అయ్యే రోజు వస్తుంది.

తిరిగి వచ్చాక మేము ఒక చిన్న పని మొదలుపెట్టాం. ఒక్కొక్కరం మా మా ఊళ్లో వాగులు, గుట్టలు, బండలు, పొలం చెక్కలు, చెట్ల పేర్లు పెద్దలను అడిగి పుస్తకంలో రాస్తున్నాం, వాళ్ల గొంతునే ఫోన్‌లో రికార్డు చేస్తున్నాం. ఇప్పటికి ఒక నోటు పుస్తకం సగం నిండింది. సంఘం తరఫున ప్రతి గూడెంలో ఒక విద్యార్థి ఈ పని తీసుకోవాలని ఈ సభను కోరుతున్నాం. దీనికి డబ్బు అక్కర్లేదు. ఒక పుస్తకం, ఒక ఫోన్, సాయంత్రం నిప్పు దగ్గర అవ్వ పక్కన కూర్చునే ఓపిక చాలు. అవ్వ తిడుతుంది. ఓర్చుకోండి.

మాలో చిన్నది ఇప్పుడు అవ్వతో గోండిలోనే మాట్లాడుతోంది. తప్పులు చాలా పోతాయి. మేము నవ్వుతాం, అవ్వ మమ్మల్ని తిడుతుంది. షిరావోయ్ ఆవిడకు ఒక కార్డు రాసి పంపాం. అందులో ఒకే ఒక్క పలకరింపు ఉంది, గోండి లిపిలో, పక్కన రోమన్ అక్షరాల్లో. రాసింది మా చిన్నదే. ఆ పుస్తకంలో ఖాళీ చోటు ఇప్పటికి నిండి ఉంటుంది.

సప్పోరోలో మంచు మీద నడవడం నాలుగో రోజుకు వచ్చింది. బయలుదేరే రోజు స్టేషన్ దగ్గర ఎవరో కొత్తవాళ్లు జారుతుంటే, మేమే పెట్టె తెరిచి, సంచి చింపి, ఇసుక చల్లి వచ్చాం. మొదటి రోజు ఆ ముసలమ్మకు చెప్పలేకపోయిన కృతజ్ఞత అలా చెప్పుకున్నాం. ఐనూలో ఆ మాట ఇయాయ్‌రాయ్‌కెరె.